వర్చువల్ స్విచ్ గారికి ఒక బాధితుడి విన్నపం

అయ్యా వర్చువల్ స్విచ్ గారూ,

వర్చువల్ మెషీన్లని (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్లని) నెట్‌వర్క్‌కి కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్ మీరు. మీకు కేబుల్ లేదు, మినుకుమనే లైటు లేదు, దుమ్ము పట్టే ఒళ్లు లేదు. అయినా హైపర్-వి (వర్చువల్ మెషీన్లని నడిపే విండోస్ సాఫ్ట్‌వేర్) సర్వర్లో మీరు కాలు పెట్టగానే పెత్తనమంతా మీదే. ఫిజికల్ నెట్‌వర్క్ కార్డుకి నేను చేతులారా ఇచ్చిన ఐపీ అడ్రస్‌ని తీసి, వీఈథర్నెట్ అనే లేని అడాప్టర్‌కి కట్టబెడతారు. పాపం అసలు కార్డు, బరువు మోయడానికి తప్ప ఎందుకూ కొరగాకుండా పోతుంది.

అది సరే. మీ సెట్టింగుల్లో ఒక బుల్లి చెక్‌బాక్స్ ఉంది చూశారూ, ఈ కార్డుని సర్వర్ సొంత విండోస్, అదే మేనేజ్‌మెంట్ ఆపరేటింగ్ సిస్టమ్‌ కూడా వాడుకోనివ్వాలా అని అడిగేది? ఒక రాత్రి పదకొండింటికి ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉండి, వర్చువల్ మెషీన్ల ట్రాఫిక్ విడిగా ఉంటే శుభ్రంగా ఉంటుంది కదా అని ఆ టిక్కు తీసేశాను. నెట్‌వర్క్ తెగొచ్చని మీరు హెచ్చరించారు, కాదనను. అలాంటివాటికి ‘యెస్’ కొట్టీ కొట్టీ నా వేలు చదవడం మానేసి చాలా కాలమైంది.

స్క్రీన్ బిగుసుకుపోయింది. ఉన్నారా అని పింగ్ పెట్టి చూస్తే వర్చువల్ మెషీన్లన్నీ హాయిగా పలుకుతున్నాయి, వాటిని మోస్తున్న సర్వర్ ఒక్కటే ఉలకదు పలకదు. కూర్చున్న కొమ్మని నరుక్కున్నవాడికి కనీసం కింద పడ్డ చప్పుడైనా వినిపిస్తుంది. అర్ధరాత్రి సర్వర్ గదిలో, చంకలో మానిటర్‌తో, కీబోర్డ్ వైరు పట్టే పోర్టు కోసం ర్యాక్ వెనక తడుముకున్నాను.

ఇక కొన్ని నెట్‌వర్క్ కార్డులని కలిపి ఒకటిగా నడిపే మీ ఇల్లరికపు అల్లుడు టీమింగ్ గారు. విండోస్ 2012 సర్వర్లో ఆయనది వేరు కాపురం, ఏకంగా 32 కార్డుల దాకా ఏలేవారు. 2016లో సెట్ (స్విచ్ ఎంబెడెడ్ టీమింగ్) పేరుతో మీలోనే మకాం పెట్టాక 8కి దిగారు. పైగా హైపర్-వి మేనేజర్ కిటికీలోంచి రమ్మంటే రారు, కమాండ్లు టైపు చేసే పవర్‌షెల్‌లో పిలవాలి. పాత కాపురాన్నే మీకు అంటగడదామంటే 2022 సర్వర్ ఆ కిటికీ దగ్గరే మొహం తిప్పుకుంటుంది.

రెండు 1 గిగాబిట్ కార్డులు కలిపితే 2 అని గొప్పగా చూపిస్తారాయన. ఒకే కనెక్షన్‌తో నడిచే బ్యాకప్ పెట్టి చూశాం, 1 దాటితే ఒట్టు. ఒక కనెక్షన్ ఒకసారికి ఒక కార్డు మీదే పోతుందట. అయితే ఒకటి ఒప్పుకోవాలి. నడుస్తుండగా ఒక కేబుల్ పీకితే, ఒకట్రెండు పింగ్‌లు పోయి మళ్లీ అందుకుంది. ఆయన్ని పెట్టుకోవాల్సింది అందుకే. ఆ 2 చూసి మురిసిపోవడం మా తప్పే.

రేపు రెండో సర్వర్లో మీ గృహప్రవేశం. ఈసారి మీరు నెట్‌వర్క్ తెంపినా సర్వర్ని దూరం నుంచి చూడనిచ్చే రిమోట్ కన్సోల్ పోర్టుకి విడిగా కేబుల్ వేయించాను. దాని జోలికి మాత్రం రాకండి.

ఇట్లు,
సర్వర్ గది తాళంచెవి తలగడ కింద పెట్టుకు పడుకుంటున్న
మీ అడ్మిన్