కారవాన్ వెనక కెమెరాకు కరెంటు ఎక్కడి నుంచి తేవాలి?

బ్రిటన్‌లో కారుకు తగిలించి లాగే, చిన్న ఇల్లులాంటి కారవాన్‌కు వెనక కెమెరా బిగించడం ఇంత తలనొప్పి వ్యవహారంగా ఎందుకుండాలో నాకు అర్థం కావడం లేదు. 7 మీటర్ల వరకు పొడవుండే ఆ బండి వెనక ఏం వస్తోందో కారు నడిపేవారికి కనబడదు కాబట్టి, కెమెరా అవసరమయ్యేదే ముందుకు వెళ్తున్నప్పుడు. తీరా చూస్తే, చాలా కారవాన్లలో కారు ఇంజిన్ స్టార్టయిన మరుక్షణం రిలే (తనంతట తానే పనిచేసే స్విచ్చు) టక్కుమని, లోపలి దీపాలకూ నీళ్ల పంపుకూ వెళ్లే 12 వోల్టుల సరఫరాను ఆపేస్తుంది. ఆ తీగకు కలిపిన కెమెరా సరిగ్గా అప్పుడే ఆరిపోతుంది. రివర్స్ లైటు తీగకు కలిపితే వెనక్కి నడిపేటప్పుడే పనిచేస్తుంది, సైడ్ లైట్ల తీగకు కలిపితే పట్టపగలు కూడా లైట్లు వేసుకునే తిరగాలి. వైర్‌లెస్‌ది కొనుక్కోమని సలహా ఇస్తారు గానీ, అల్యూమినియం రేకు గోడలు దాటి కారు దాకా రావలసిన సిగ్నల్ మధ్యలో తెగిపోయి, మోటార్‌వే మీద లారీ దాటి వెళ్లే సమయానికే తెర నల్లబడుతుంది. ఇక గోడకు రంధ్రం పెట్టాలంటే నిజంగా భయమేస్తుంది: రంధ్రం చుట్టూ నీరు దిగకుండా పూసే సీలెంట్ ఏ కాస్త వదిలినా వాన నీరు లోపలి చెక్కలోకి దిగుతుంది, పైగా రంధ్రం చేశారు కాబట్టి తేమకిచ్చిన వారంటీ చెల్లదని అమ్మినవాళ్లు చేతులెత్తేస్తారు. వేల పౌండ్లు పుచ్చుకునే తయారీదారులు కర్మాగారంలోనే ఒక తీగ వేసి, వెనక ఒక ప్లగ్గు పెట్టి అన్ని మోడళ్లనూ అమ్మడానికి ఏమిటి అడ్డం?