సంతకానికి ముందే లాయరు

టెక్సాస్‌లో ఐదెకరాలో పదెకరాలో కొనుక్కున్న తెలుగువారికి ఏదో ఒకరోజు ఓ ఫోన్ రావచ్చు. మీ నేల కింద గ్యాస్ ఉంది, లీజుకిస్తే ఎకరాకు ఇంత బోనస్, కాగితం మీద సంతకం పెడితే చెక్కు పంపుతాం అంటారు. అలా ఫోన్ చేసే వ్యక్తిని అక్కడ ల్యాండ్‌మన్ అంటారు. ఎంత మర్యాదగా మాట్లాడినా ఆయన కంపెనీ తరఫు మనిషి. ఆ కాగితం రాసినవారూ కంపెనీ లాయర్లే. మన తరఫున చదివేవారు లేకుండా దానిమీద సంతకం పెట్టొద్దని మేము గట్టిగా చెబుతున్నాం.

ఈ వ్యవహారం మనకు కొత్త. భారతదేశంలో చమురు, గ్యాస్ ప్రభుత్వానివి. పొలం కింద నిక్షేపం ఉన్నా రైతు దాన్ని అమ్ముకోలేడు. అమెరికాలో అది ప్రైవేటు ఆస్తి. దాన్ని భూమి నుంచి విడదీసి వేరేగా అమ్ముకోవచ్చు కూడా. అందుకే ఇల్లూ పొలమూ మీవే అయినా, కింద ఉన్నది పాత యజమాని ఎప్పుడో అట్టిపెట్టుకుని ఉండొచ్చు. మొదట దస్తావేజుల్లో చూడాల్సింది అదే. పైగా టెక్సాస్ చట్టం ప్రకారం పైనున్న నేల హక్కు కన్నా కింది ఖనిజ హక్కుదే పైచేయి. లీజులో షరతులు రాసుకోకపోతే బావికీ రోడ్డుకీ అవసరమైన మేరకు మీ నేలను వాడుకునే హక్కు కంపెనీకి ఉంటుంది.

బేరమంతా బోనస్ దగ్గరే ఆగిపోవడం మా అసలు ఆందోళన. బోనస్ ఒక్కసారి వచ్చేది. బావి పనిచేసినన్నాళ్లూ వచ్చేది రాయల్టీ. పాతకాలం నుంచి వస్తున్న వాటా ఎనిమిదో వంతు. బేరమాడి నాలుగో వంతు రాయించుకున్నవారూ ఉన్నారు. లక్ష డాలర్ల గ్యాస్ అమ్మితే ఒకరికి 12,500, ఇంకొకరికి 25,000.

ఆ వాటాలో కూడా కోత పడొచ్చు. గ్యాస్‌ను శుద్ధి చేసి పైపులైన్‌లో పంపే ఖర్చు ఎవరిదన్న గొడవపై 1996లో టెక్సాస్ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రాయల్టీలో ఆ ఖర్చులు కోయరాదని లీజుల్లో స్పష్టంగానే ఉంది. అయినా యజమానులు ఓడిపోయారు. రాయల్టీని ‘బావి దగ్గర మార్కెట్ విలువ’ మీద లెక్కకట్టాలని అవే లీజుల్లో ఉండటంతో, ఖర్చులు పోగా మిగిలేదే ఆ విలువ అని కోర్టు తేల్చింది. 2015లో అదే కోర్టులో మరో కుటుంబం గెలిచింది, వాళ్ల లీజులో మాటలు వేరుగా ఉన్నాయి కాబట్టి. ఈ తేడా ఇంగ్లీషు బాగా వచ్చినంత మాత్రాన పట్టుబడదు.

మూడేళ్ల లీజే కదా అనుకోవడమూ పొరపాటే. ఆ గడువులోగా బావిలో గ్యాస్ పడితే, ఉత్పత్తి సాగినంతకాలం లీజు నడుస్తుంది. తర్వాత రాయల్టీ గొడవ వస్తే రైల్‌రోడ్ కమిషన్‌కు వెళ్దామనుకుంటారు. పేరు ఎలా ఉన్నా టెక్సాస్‌లో చమురు, గ్యాస్‌లను నియంత్రించేది ఆ కమిషనే. కానీ లీజు తగాదాలు దాని పరిధిలో లేవు, కోర్టుకు వెళ్లాల్సిందే. అప్పుడయ్యే ఖర్చు ముందు ఇచ్చే ఫీజుకు ఎన్నో రెట్లు.

ఇంటి స్థలం మాత్రమే ఉన్నవారికి విడిగా లాయరును పెట్టుకోవడం గిట్టుబాటు కాదన్నది నిజమే. ఉత్తర టెక్సాస్‌లోని బార్నెట్ షేల్ అనే రాతిపొర నుంచి గ్యాస్ తీయడం జోరు మీదున్న రోజుల్లో ఫోర్ట్‌వర్త్ కాలనీల వాళ్లు కలిసికట్టుగా బేరమాడారు. ఆ దారి ఇప్పుడూ ఉంది. ఎకరాల్లో భూమి ఉన్నవారు మాత్రం ఫీజుకు వెనకాడొద్దు. గంటల లెక్కనో మొత్తంగానో ముందే మాట్లాడుకుని రాయించుకోవాలి. ఇల్లు కొన్నప్పుడో వీసాకో సాయం చేసిన లాయరు సరిపోరు. చమురు, గ్యాస్ చట్టంలో నిపుణులని టెక్సాస్ లాయర్ల బోర్డు (Texas Board of Legal Specialization) ధ్రువీకరించినవారినే అడగాలి. టాక్సుల మీదా ఇమ్మిగ్రేషన్ మీదా సదస్సులు పెట్టే తెలుగు సంఘాలు ఈసారి హ్యూస్టన్‌లోనో డాలస్‌లోనో అలాంటి లాయరును పిలిచి, ఒక లీజును వాక్యం వాక్యం చదివించాలని కోరుతున్నాం.