మహారాష్ట్ర గడ్చిరోలీ జిల్లా దారూబందీ (మద్యనిషేధం) గారికి, సిరొంచ నుంచి ఒక బామ్మర్ది రాయునది

శ్రీయుతులు దారూబందీ గారికి దండాలు.

తమరు 1993ల మా జిల్లాకు వచ్చిన్రు. అప్పటిసంది గడ్చిరోలీల వైన్ షాపు లేదు, బారు లేదు, కాయితం లెక్కన తాగేటోడు గూడ లేడు. తమరు ఉత్తగ రాలే. డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులతోని కలిసి ఊరూరి ఆడోళ్లు ఏండ్లకేండ్లు కొట్లాడితే వచ్చిన్రు. పక్క చంద్రాపూర్‌ల తమరి తమ్ముడు 2015 ఏప్రిల్ 1న దిగి, 2021ల మూటముల్లె సర్దుకున్నడు. తమరు నిలవడ్డరు. పొమ్మని నేను గూడ అంటలేను. అంటే మా అక్క చీపురు తిరగేస్తది.

నా బాధ వేరే. తాగేటోడే లేని జిల్లాల, తాగుడు మానాలనుకున్నోడు ఎటు పోవాలె?

మా బావ సంగతే చెప్త. గోదారి మీద బిర్జి పడ్డకాన్నించి ఆయనకు కాళేశ్వరం మీద భక్తి పెరిగింది. పొద్దుగూకంగ పోతడు, ముక్తీశ్వరుని గడప తొక్కడు, జేబు బరువు చేసుకొని వస్తడు. పోవుడు కుదరనినాడు ఇప్పసారా ఇంటికే నడిచొస్తది. క్వార్టర్ యాడ దొరుకుతదో మా వాడల చిన్నపోరడు గూడ చూపిస్తడు. మానుడు యాడ దొరుకుతదని ఒక ఆఫీసుల అడిగితే, బల్ల అవతలాయన నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూసి, "ఇక్కడ బందీ ఉంది గదా" అన్నడు. అంటే మానుడు పని తమరు ఎప్పుడో పూర్తి చేసిన్రన్నట్టు!

తమరి మాన్పించే పద్ధతి మాకు ఎరికే. పోలీసులు గట్టిగ దాడులు చేసిన రెండు దినాలు సరుకు రాదు. ఆ రెండు దినాలు మా బావ "మానిండు". చేతులు వణికినయి, చెమటలు వట్టినయి, రెండోనాటి రాత్రి గోడ మీద లేని మనుషులతోని మాట్లాడిండు. ఏండ్ల తరబడి రోజూ తాగినోడు ఒక్కపారి ఆపితే ఫిట్స్ గూడ రావచ్చు, పానం మీదికి రావచ్చు, డాక్టరు దగ్గరుండాలె. ఎన్ని లీటర్లు పారబోసిన్రో పంచనామాల రాసుకునే తమరు ఈ ముచ్చట యాడ రాసుకుంటరు?

2016 సంది తాగుడు మాన్పించే ముక్తిపథ్ వాళ్లు తాలూకాలల్ల తిరుగుతున్నరు, పుణ్యాత్ములు. వైద్యమైంది. కానీ గోలీలు మింగినంక గూడ రోజూ సాయంత్రం ఏడు అయితనే ఉంటది. ఆ ఏడింటికి మా బావ పక్కన ఎవలు కూసోవాలె? నేను కూసుంటే తిడతడు. "నీకేం తెల్సురా, ఎన్నడన్న తాగినవా?"

అట్ల దొరికింది మాకు ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగు, పేర్లు బయటవెట్టకుండ మానేటోళ్లే ఒకరికొకరు ఆసరగుండేది. 1935ల అమెరికాల ఒక షేర్ల దళారి, ఒక డాక్టరు కలిసి మొదలువెట్టిండ్రట, ఇద్దరూ తాగుబోతులే. ఫీజు లేదు, ఫారం లేదు, ఆధార్ అడగరు. మానాలన్న కోరిక ఒక్కటుంటే చాలు. ఒక్కటే తకరారు. గది బిర్జి అవతల, బస్సెక్కి పోయే పట్నంల. మందుకు బిర్జి దాటినోడు మానేందుకు గూడ బిర్జే దాటాలె. మన జిల్లా కేంద్రమే సుమారు 200 కిలోమీటర్లు గనుక ఇదే దగ్గర అనుకున్నం.

గది ఒక చర్చి ఎనుక ఉంది. వాపసు వచ్చేసరికి "మతం మారిండ్రట గదా" అని అంగట్ల వార్త. అదే అంగట్ల మా బావ మురికి కాల్వల వడి ఉన్నప్పుడు ఎవలూ వార్త చెయ్యలే. ఇగ నన్నైతే గదిలకే రానియ్యలే. "ఇయ్యాల్ది క్లోజ్డ్ మీటింగు తమ్మీ, తాగుడు సమస్య ఉన్నోళ్లకే" అన్నరు. తాగనందుకు బయట నిలవెట్టిన జాగ ఈ లోకంల అదొక్కటే అయ్యుంటది. బయట చెప్పుల కాడ కూసుంటే కిటికీలకెల్లి ఇనవడ్డది: మా బావ లేచి, పేరు చెప్పి, "నేను తాగుబోతును" అన్నడు. లోపలోళ్లు రామ్ రామ్ చెప్పినట్టే పలకరించిండ్రు.

నాకు ఎంటనే తమరు యాదికొచ్చిన్రు. తమరి 1949 చట్టం లెక్కన పర్మిటు లేక తాగుడే నేరం. గా మాట సిరొంచల అంటే నేరం ఒప్పుకున్నట్టే గదా! మహారాష్ట్రల బందీ లేనికాడ ఇచ్చే పర్మిటు మీద ఆరోగ్యం కాపాడుకునేందుకని ఉంటదట. తాగుడుకు ఆరోగ్యం సాకు దొరికింది, మానుడుకు సాకు లేదు.

అందుకే ఈ విన్నపం. మా తాలూకాల ఆ మీటింగుకు ఒక గది కావాలె, వారానికి ఒక్క సాయంత్రం. పైసలు అడుగుతలేం. బయటోళ్ల సొమ్ము వాళ్లు తీసుకోరు, డబ్బా తిప్పి అద్దె వాళ్లే కడతరు. ఇంకో దినం మా అక్కలాంటోళ్లకు గూడ ఇయ్యుండ్రి, ఇంటోళ్ల కోసం అల్-అనాన్ అని వేరే మీటింగున్నది. ఎవలెవలు వచ్చిన్రో జాబితా మాత్రం అడగొద్దు. అందరూ మేనమామలు, వియ్యంకులైన ఊర్ల పేరు దాచుకునుడే మా బావకు గండం. దానికి తోడు తమరి జవాను వాకిట్ల నిలవడి రాసుకుంటే ఆయన మళ్ల కాళేశ్వరం భక్తుడైతడు.

మీటింగుల చాయ్ పోస్తరు. దానికి పర్మిటు కావాల్నంటే ముందే చెప్పుండ్రి, అర్జీ వెట్టుకుంటం.

ఇట్లు,
బామ్మర్ది
(పేరు రాస్తలేను, రాసినా రాయకున్నా సిరొంచల అందరికీ తెలుసు)