మనల్ని ముంచుతున్న మాట: సుందరీకరణ

మా బంధువుల అమ్మాయి విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ పీజీ చేసింది. ఏ పెళ్లికి వెళ్లినా ఆమెను రెండే ప్రశ్నలు అడుగుతారు. "కడియంలో మొక్కలు ఎక్కడ చౌకగా దొరుకుతాయమ్మా?", "మా టెర్రస్ మీద కాస్త లాన్ వేయించిపెట్టకూడదూ?" అడిగేవాళ్లలో చెడు ఉద్దేశం లేదు. ఆ చదువు దేనికో వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. అదే అపోహ బిల్డర్లకు, అధికారులకు ఉంటే మాత్రం వానాకాలంలో నీళ్లు మన ఇళ్లలోకొస్తాయి.

నేల వాలు ఎటుంది, వాన పడితే నీళ్లు ఏ దారిన పోతాయి, ఎక్కడ ఇంకాలి, ఎక్కడ నిలవాలి, ఆ మట్టిలో ఏ చెట్టు నిలబడుతుంది... ఇవన్నీ లెక్కగట్టి, బిల్డింగ్ ఎక్కడ రావాలో చెప్పే పని ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌ది. అంటే జేసీబీ దిగకముందే పిలవాల్సిన మనిషి. మన దగ్గర ఎప్పుడు పిలుస్తారు? గృహప్రవేశాలకు నెల రోజుల ముందు! అప్పటికి నేల చదునైపోయింది. వందల ఏళ్లలో తయారైన పైమట్టి లారీలెక్కి వెళ్లిపోయింది. స్థలమంతా సెల్లార్ తవ్వి, పైన స్లాబ్ వేసి, దాని మీద అడుగో రెండడుగులో మట్టి పోసి "గ్రీనరీ కావాలి" అంటారు. అక్కడ వేప, రావి బతకవు. వాన చుక్క కూడా భూమిలోకి దిగదు. వేసవిలో ఆ లాన్ తడపడానికి ట్యాంకర్ తెప్పించుకుంటారు.

చట్టం కూడా వీళ్లను పట్టించుకోలేదు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం "ఆర్కిటెక్ట్" అన్న పేరుకు రక్షణ ఇచ్చింది. ల్యాండ్‌స్కేప్ వృత్తికి మాత్రం ఈ రోజుకీ దేశంలో విడిగా చట్టం లేదు. కాబట్టి కుండీలు అమ్మేవారూ అదే బోర్డు పెట్టుకోవచ్చు. మొక్కను బతికించడం తోటమాలికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ నైపుణ్యం గొప్పదే, కానీ ఎక్కడ పడ్డ వాన ఎటు చేరుతుందనే పరీవాహకం లెక్క వేరే చదువు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ రూపకర్తల్లో ఒకరైన ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఓమ్‌స్టెడ్, బోస్టన్‌లో "బ్యాక్ బే ఫెన్స్" అనే చిత్తడి నేల మీద చేసిన పని అసలు మురుగు, వరద సమస్యకు పరిష్కారం. అది ఎంత సహజంగా కుదిరిందంటే జనం దాన్ని పార్కనే అనుకుంటారు. చైనాలో వాన నీటిని స్పాంజిలా పీల్చుకుని దాచుకునే "స్పాంజ్ నగరాల" ఆలోచనకు ప్రాణం పోసిన యు కాంగ్‌జియాన్ కూడా ఈ వృత్తివారే.

ఇంజనీర్లు చాలరా అని కొందరంటారు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహాతోనే కదా గండిపేట, హిమాయత్‌సాగర్ వచ్చాయన్నది వాళ్ల వాదన. నిజమే. కానీ ఆయన నదిని పైనుంచి కింది దాకా చూశారు. నేటి టెండర్ మాత్రం ఇంజనీరుకు స్థలం ఫెన్సింగ్ లోపలి భాగమే చూపిస్తుంది.

అసలు నా కోపమంతా "సుందరీకరణ" అనే మాట మీద. చెరువు అంటే ఏమిటో మన పూర్వీకులకు తెలుసు. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టుగా కట్టుకుంటూ వచ్చారు. పై చెరువు నిండి మత్తడి దుంకితే కింది చెరువుకు నీళ్లు. తూము తీసి పొలాలకు నీళ్లు వదలడానికి నీరటి ఉండేవాడు. కట్ట ఒక వైపే ఉండేది. మిగతా వైపులన్నీ మెల్లగా వాలుతూ, వచ్చే నీటికి తెరిచి ఉండేవి. అంచున తుంగ, జమ్ము పెరిగేవి. మురికిని పట్టేవి, పిట్టలకు గూళ్లిచ్చేవి. ఆ మనుషులకు డిగ్రీలు లేవు, కానీ వాళ్లు చేసింది అచ్చంగా ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చరే!

ఇప్పుడు సుందరీకరణ పేరుతో చెరువు చుట్టూ కట్ట పోసి వాకింగ్ ట్రాక్ వేస్తున్నాం. చుట్టూ కట్ట పోస్తే నీళ్లు లోపలికి ఎలా వస్తాయి? పై కాలనీల వాన నీళ్లు ఆ కట్టకు తగిలి వెనక్కి తిరిగి ఇళ్లలోకి వెళ్తాయి. తుంగ పీకేసి రాతి గోడ, సెల్ఫీ పాయింట్, రంగుల లైట్లు పెడతాం. త్వరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ నాటుతాం. రోడ్ల డివైడర్లలో ఊరూరా నాటి, తర్వాత వద్దనుకున్న మొక్కే అది. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు చూశాం. పడవల్లో పాలప్యాకెట్లు పంచాల్సి వచ్చింది. నీటి దారి మరిచిపోయిన ఊళ్లు అవి. ఆ దారిని కాగితం మీద ముందుగా గీసే మనిషిని పూలమొక్కల కోసం పిలుస్తున్నాం.

భవన అనుమతి ఫైల్లో బిల్డింగ్ ప్లాన్ కన్నా ముందు నేల వాలు, నీటి దారి చూపే డ్రాయింగ్ ఉండాలి. దాని మీద ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ సంతకం ఉండాలి. చెరువుల పనులకైతే ఇది తప్పనిసరి చేయాలి.

మొన్న ఆ అమ్మాయిని ఒక చెరువు పనికి పిలిచారు. వెళ్లేసరికి ట్రాక్ పూర్తయింది, ఫౌంటెన్ దిగింది. ట్రాక్ వెంట ఏ పూలు బాగుంటాయో చెప్పమన్నారు. పై కాలనీ నుంచి వచ్చే కాలువ ఎక్కడుందని ఆమె అడిగింది. ట్రాక్ కోసం పూడ్చేశామన్నారు.