చక్రాలు లెక్కపెట్టనివాడు యుద్ధం గురించి మాట్లాడరాదు

మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో మామూలు రోజుల్లో మంచినీళ్ల మోటారు, లిఫ్టు, మెయింటెనెన్సు బకాయిలు తప్ప వేరే లోకం ఉండదు. ఎక్కడైనా యుద్ధం మొదలైందో, తెల్లారేసరికి అందరూ రిటైర్డ్ బ్రిగేడియర్లు అయిపోతారు. మంటల్లో ఉన్న ఓ బండి ఫొటో వస్తుంది. కింద వరసగా తీర్పులు. 1965 యుద్ధం వార్తలు రేడియోలో విన్న మూడో అంతస్తు తాతగారికి ప్రతి ట్యాంకూ పాటనే, అంటే అప్పట్లో పాకిస్తాన్ దింపిన అమెరికా ట్యాంకే. ఇంగ్లిషు యుద్ధం సినిమాలు చూసి పెరిగిన మా వయసువాళ్లకి ప్రతిదీ రెండో ప్రపంచ యుద్ధంనాటి జర్మన్ టైగరే. ఇంటర్ చదివే కుర్రాళ్లకి అన్నీ రష్యా టీ-90లే. ఒక్కరూ చక్రాలు లెక్కపెట్టిన పాపాన పోరు.

పైగా గ్రూపులో 'ట్యాంకు' అన్న మాట కనబడితే అది డాబా మీదిదో సరిహద్దులోదో మెసేజ్ పూర్తిగా చదివితే గానీ తెలీదు. ఇందులో మాత్రం మన తప్పేం లేదు. బ్రిటిష్‌వాళ్లు ఈ బండ్లను మొదటిసారి తయారుచేస్తున్నప్పుడు గుట్టు బయటపడకుండా ఇవి నీళ్ల ట్యాంకులని చెప్పుకొన్నారు. 1916 సెప్టెంబరులో ఫ్రాన్సులోని సోమ్ దగ్గర యుద్ధంలోకి దింపాక కూడా ఆ పేరు పోలేదు.

బెజవాడలో ఉంటూ, ఆటోనగర్ పొగ పీలుస్తూ, చక్రాలు లెక్కపెట్టడం రాకపోవడం ఏమిటండీ? ఈ ఊళ్లో లారీని కంపెనీ పేరుతో ఎవడు పిలిచాడు? ఆరు టైర్లది, పది టైర్లది, పన్నెండు టైర్లది అంటాం. ట్యాంకుల శాస్త్రమంతా అంతే. గన్ను మార్చొచ్చు, రంగు మార్చొచ్చు, జెండా మార్చడం ఇంకా తేలిక. చైను లోపల తిరిగే చక్రాల సంగతి అలా కాదు. రష్యావాళ్ల టీ-34కి ఒక్కో పక్కన అయిదు పెద్ద చక్రాలు. టీ-55కీ అయిదే, కానీ మొదటిదానికీ రెండోదానికీ మధ్య పన్ను ఊడినట్టు సందు. టీ-62కీ అయిదే, సందులు వెనకవైపు. మన అజేయ, అంటే టీ-72కి, ఆరు. అర్జున్‌కి ఏడు. జర్మన్ పాంజర్ 4కి ఎనిమిది చిన్నవి, రెండేసి జతలుగా. టైగర్ జోలికి మాత్రం లెక్కపెట్టడానికి వెళ్లకండి. పళ్లెంలో సర్దిన అప్పడాల్లాగా ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. లోపలి చక్రం పాడైతే ముందు బయటివన్నీ ఊడదీయాలి. ఈ డిజైన్ గీసిన ఇంజనీరు ఆటోనగర్‌లో దొరికితే మెకానిక్కులు టీ కూడా పోయకుండా పంపిస్తారు.

ఇంత తెలిసినవాణ్ణి నేనూ ఓసారి జారిపడ్డాను, దాచడమెందుకు. ఒక పాత ఫొటో కింద 'ఇది టైగర్, 88 మిల్లీమీటర్ల గన్ను, 57 టన్నులు' అని వ్యాసమే రాశాను. రెండు నిమిషాల్లో ఫస్టియర్ కుర్రాడి జవాబు: 'అంకుల్, చక్రాలు ఎనిమిది.' పాంజర్ 4! టరెట్టు, అంటే గన్ను ఉండే పైభాగం, చుట్టూ అదనంగా రేకులు బిగించడంతో డబ్బాలా కనబడి, పొడుగు గన్ను చూసి మోసపోయాను. తర్వాత చదివితే 1944లో జర్మన్ల మీదికి ఫ్రాన్సులోని నార్మండీలో దిగిన సైనికులూ ఇదే పొరపాటు చేశారట, కనబడిన ప్రతిదీ టైగరే అని హడలిపోయారట. టైగర్ 1లు మొత్తం తయారైనవే సుమారు 1,350, పాంజర్ 4లు ఎనిమిది వేలకు పైనే. కాకపోతే వాళ్ల మీదికి గుళ్లు వస్తున్నాయి. నా ముందు ఉన్నది పెసరట్టు.

చైను ఉన్నదల్లా ట్యాంకు కాదన్న సంగతి మా గ్రూపుకి ఇంకా చేరలేదు. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో తయారయ్యే, సైనికుల్ని మోసే శరత్ బండి ఫొటో వస్తే 'శత్రువుల ట్యాంకు దొరికింది' అని చప్పట్ల బొమ్మలు పెట్టారు. అది మనదే మహాప్రభో, ట్యాంకూ కాదు. నడిపే ముగ్గురు, వెనక ఏడుగురు సైనికులు, పైన 30 మిల్లీమీటర్ల గన్ను. అంతకంటే ఎక్కువమందిని మా బెంజి సర్కిల్ షేర్ ఆటో మోస్తుంది, గన్ను ఒక్కటే తక్కువ.

అసలు ఈ విద్యకి మా ఊరే రాజధాని కావాలని నేను ఊరికే అనడం లేదు. 1942లో ఈజిప్టులో, ఎల్ అలమీన్ యుద్ధానికి ముందు, బ్రిటిష్‌వాళ్లు తమ ట్యాంకుల మీద చట్రాలు పెట్టి, గుడ్డ కప్పి, లారీల్లా కనబడేట్టు చేశారు. విమానం నుంచి ఫొటోలు తీసే జర్మన్లకి ఎడారిలో లారీలు ఆగి ఉన్నట్టు కనబడింది. ఇంకో చోట ఉత్తుత్తి ట్యాంకులు నిలబెట్టారు. చూడండి, ప్రపంచ యుద్ధంలో అంత పెద్ద మోసం జరిగింది లారీ బాడీ బిల్డింగుతో. ఆ పని మా ఆటోనగర్‌కి అప్పజెప్పి ఉంటే వెనక 'హారన్ ప్లీజ్' కూడా రాసి, నిమ్మకాయలు కట్టి ఇచ్చేవాళ్లు. జర్మన్‌కి అనుమానమే వచ్చేది కాదు.

అందుకే గ్రూపులో తీర్మానం పెట్టాను: చక్రాల లెక్క రాయకుండా ట్యాంకు ఫొటో పెట్టినవారికి వంద రూపాయల జరిమానా, మెయింటెనెన్సులో కలిపి వసూలు. ఎవరూ బలపరచలేదు.

మొన్న పొలాల్లో దూసుకుపోతున్న ట్యాంకు వీడియో వస్తే, ఇక వీళ్లతో లాభం లేదని, ఆటోనగర్‌లో మా స్కూటరు చూసే మేస్త్రి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయనకి ఒక్క ట్యాంకు పేరూ తెలీదు. కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చూశాడు.

"చేలో పడి ఇంతసేపు పోయింది కదండీ, చైనుకి బురదేదీ?"

ఇంటికొచ్చి వెతికితే అది ఆర్మా 3 అనే వీడియో గేమ్. మా గేమును నిజం యుద్ధమని తిప్పుతున్నారు బాబోయ్ అని దాన్ని తయారుచేసిన కంపెనీయే 2022లో మొత్తుకుంది. ఆ సంగతి గ్రూపులో గర్వంగా రాశాను. పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మూడో అంతస్తు తాతగారు రాశారు:

'గేమే అవనీ నాయనా. అందులోది పాటనే కదా?'

చక్రాలు లెక్కపెట్టాను. ఆరున్నాయి. పాటన్‌కీ ఆరే.