ఎలుగుబంటి వారి ఆకస్మిక తనిఖీ

అడవి అంచున సొంతంగా కొట్టం కట్టుకుని, పెరట్లో తేనెటీగల పెట్టెలు పెట్టుకుని, ప్రకృతి ఒడిలో బతుకుతున్నామని పదిమందికీ చెప్పుకునే మా వర్గానికి తీరని అన్యాయం జరుగుతోంది. ప్రకృతికి దగ్గరగా ఉందామని మేము వెళ్తే, అది కూడా మాకు దగ్గరగా రావడం మొదలుపెట్టింది. ఇది మేము ఒప్పుకున్న షరతు కాదు.

కోళ్ల గూటికి తలుపు బిగించేలోగా కొట్టం కప్పు కారుతుంది, కప్పు సర్దేలోగా కంచె గుంజ ఒరిగిపోతుంది కనుక మా ఆవరణలో పూర్తయిన కట్టడమంటూ ఉండదు. అంగుళం అటూ ఇటూ అయినా ఫరవాలేదనుకునే మా వడ్రంగాన్ని తప్పుపట్టే ధైర్యం తేనెటీగకే ఉంది. పెట్టెలో ఈగలు అట్టలు కట్టుకునే చట్రాల మధ్య సందు 6 నుంచి 9 మిల్లీమీటర్ల దాకా ఉంటేనే దాన్ని నడకదారిగా వదిలేస్తుంది. అంతకు తగ్గితే జిగురు పెట్టి పూడుస్తుంది, పెరిగితే అడ్డదిడ్డంగా మైనపు అట్ట కట్టేస్తుంది. లాంగ్‌స్ట్రాత్ అనే ఆయన ఈ సంగతి కనిపెట్టి 1852లోనే పెట్టెకు పేటెంటు పుచ్చుకున్నాడు గానీ, మా టేపులకు ఆ కబురు ఇంకా అందలేదు.

ఇక ఎలుగుబంటి. దానికి తేనె ఒక్కటే చాలదు, అట్టల్లోని పిల్లపురుగులు కూడా కావాలి. అందుకని పెట్టెను తలకిందులు చేసి, చట్రాలను విరిచి, అట్టలను మైనంతో సహా నమిలేస్తుంది. ఇది పచ్చి దోపిడీ. మేమైతే ముఖానికి వల కట్టుకుని, ఈగలు ఒకదానికొకటి పంపుకునే ప్రమాద సంకేతపు వాసన వాటికి అందకుండా పొగ పెట్టి, పట్టపగలే పద్ధతిగా తేనె తీస్తాము. ముసుగు లేకుండా వచ్చేది ఎలుగే కదా అని కొందరు గిట్టనివారు అంటున్నారు. ఆ వాదనను తీవ్రంగా ఖండిస్తున్నాను.

దీనికి విరుగుడు విద్యుత్ కంచె. అయితే ఒంటినిండా దట్టమైన బొచ్చు ఉన్నందున తీగ ఒరుసుకున్నా ఎలుగుకు షాకు సరిగా తగలదు. కాబట్టి ఘాటుగా వాసన వచ్చే తిండి ఏదైనా తీగకు కట్టి, దాని తడి ముక్కు అక్కడ తగిలేలా చూస్తారు. అడవి జంతువు ఇంటి దరిదాపులకు రాకూడదని, ఇంటి ముందు దానికి ఫలహారం పెట్టే ఈ దూరదృష్టి మనిషికి తప్ప మరే జీవికీ లేదు.

ఆఫ్రికాలో ఏనుగుల బారి నుంచి పంటను కాపాడుకోవడానికి కొందరు రైతులు పొలం చుట్టూ తీగలకు పెట్టెలనే వేలాడదీస్తారు. ఏనుగు తీగను కదిపితే ఈగలు లేస్తాయి. అక్కడ ఈగలే కంచె, ఇక్కడ ఈగలకు కంచె! పైగా గడ్డి పెరిగి తీగను తాకితే కరెంటు నేలలోకి పోతుంది కనుక, ప్రకృతి ఒడిలో మా ఉదయాలన్నీ తీగ కింద గడ్డి కోయడంతోనే గడిచిపోతున్నాయి. మేకను కట్టేద్దామంటే, చిరుతపులి సంగతి కూడా ఆలోచించాలి.