బ్యారెల్ సంగతి చివర్లో చూడొచ్చు
10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి మొదటి అప్‌గ్రేడ్ కొత్త బ్యారెలే అని ఒక వ్యాసంలో రాశారు. నా లెక్కలో అది ఆఖరి ఖర్చు. ముందు రైఫిల్‌ని క్లాంపులో బిగించి 4.49, 4.50, 4.51 మి.మీ. హెడ్ సైజు (ముందు భాగం వ్యాసం) పెల్లెట్లు ఒక్కో బ్యాచ్‌లో పదేసి కొట్టి చూడండి. ఆ గ్రూపు (టార్గెట్ మీద పడ్డ రంధ్రాల గుంపు) వెడల్పు మీరు భుజాన పెట్టి కొట్టే గ్రూపులో సగం కూడా లేదంటే బ్యారెల్‌కి ఏ లోటూ లేనట్టే. డెసిమల్ స్కోరింగులో (పాయింటులో పదో వంతు వరకూ లెక్కించే పద్ధతి) 0.25 మి.మీ. పక్కకి జరిగితే 0.1 పాయింటు పోతుంది, కాబట్టి పెల్లెట్ల దగ్గర పిసినారితనం వద్దు.

డబ్బుంటే బట్ ప్లేట్ (భుజానికి ఆనే భాగం), చీక్ పీస్ (చెంప ఆనే భాగం) మీద పెట్టండి. చెంప ఆనించగానే రియర్ ఐరిస్ (కంటి దగ్గర చూసే రంధ్రం) నడిమధ్య ఫోర్‌సైట్ (బ్యారెల్ చివరి గురి రింగు) కనపడాలి, మెడ సాచే పని ఉండకూడదు. సైజు మార్చుకునే ఫోర్‌సైట్ ఐరిస్ కూడా దండగ కాదు. రింగు మరీ బిగువుగా ఉంటే టార్గెట్ నల్లచుక్క చుట్టూ తెల్లగీత సన్నబడి, మధ్యలో ఉందో లేదో తేల్చుకోలేక కన్ను అలసిపోతుంది. అదనపు బరువులు తగిలిస్తే రైఫిల్ మొత్తం బరువు 5.5 కిలోలు దాటనివ్వకండి.

రంగురంగుల ట్రిగ్గర్ బ్లేడా? చూడ్డానికి బాగుంటుంది, అంతే. అన్నట్టు, ఎయిర్ సిలిండర్ మీద గడువు తేదీ ఓసారి చూసుకోండి.